ఒక ఫాల్కన్, రెండు ఇత్తడి పట్టీలు

మన మాన్యుఫాక్చరింగ్ సిలబస్‌లో ఇంజెక్షన్ మోల్డింగ్ అని ఒక టాపిక్ ఉంది. ఎనిమిది మార్కుల ప్రశ్న. హాపర్, బ్యారెల్, స్క్రూ, నాజిల్, మోల్డ్ అని బొమ్మ గీసి బాణం గుర్తులు పెడితే ఆరు మార్కులు ఖాయం. నేనూ అట్లనే గీసి, ఆరు తెచ్చుకుని మర్చిపోయాను. ఆ పాఠం మళ్ళీ చదువుకోవాల్సి వచ్చింది పోయిన మే నెలలో, జనగామలో మా డాబా మీద, చేతిలో ఒక పాత ప్లాస్టిక్ అంతరిక్ష నౌక పట్టుకుని. దాన్ని సగం పాడు చేశాక చదువుకున్నాను కాబట్టి బాగానే గుర్తుంది. మీరు అంత ఖర్చు పెట్టకుండా చదువుకుంటారని ఈ వ్యాసం.

ముందు బొమ్మ గురించి. స్టార్ వార్స్ సినిమాలో హాన్ సోలో నడిపే మిలీనియం ఫాల్కన్ మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ళు, ఒక అంచున కొరికిన జొన్నరొట్టెని ఊహించుకోండి. రొట్టెకి పక్కన ఒక గొట్టం, గొట్టం చివర పైలెట్ కూర్చునే గది. సినిమా 1977 మే 25న అమెరికాలో విడుదలైంది. బొమ్మ 1979లో వచ్చింది. చేసింది కెనర్ అనే కంపెనీ, ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటీలో. దాన్ని మా ఇంటికి తెచ్చింది అమ్మ వాళ్ళ పెద్దన్న. వై2కే పనుల రోజుల్లో అమెరికా వెళ్ళి, 2000లో మొదటిసారి ఇంటికొస్తూ, న్యూజెర్సీలో ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముతుంటే కొని సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెచ్చాడు. తెచ్చింది నాకోసం కాదు, నేనప్పటికి పుట్టలేదు. భూపాలపల్లిలో ఉండే చిన్నమామ కొడుకు కోసం. నాకు బావ అవుతాడు. అప్పుడు వాడికి ఏడేళ్ళు.

చిన్నమామ సింగరేణిలో, కేటీకే గనిలో ఫిట్టర్. ఆ క్వార్టర్‌లో ఆ బొమ్మ రెండేళ్ళు ఎగిరింది. తర్వాత దాని ర్యాంపు విరిగింది. ర్యాంపు అంటే నౌక కింద నుంచి దిగే మెట్లదారి. దాన్ని రెండు సన్నని ప్లాస్టిక్ పట్టీలు పట్టుకుని ఉంటాయి. రెండూ పోయాయి. మామ ఒకసారి మా ఇంటికి జనగామ వచ్చినప్పుడు, పక్కనే పెంబర్తిలో ఇత్తడి పనివాళ్ళ దగ్గర ఒక రేకు ముక్క అడిగి తీసుకుని, రేకు కత్తెరతో కోసి, ఆకురాయితో రాకి, రెండు పట్టీలు చేశాడు. మేకుకు బదులు సైకిల్ పుల్ల ముక్క. బావ ఇంటర్‌కి హన్మకొండ పోయాక బొమ్మ మానుకోటలో అమ్మమ్మ ఇంటికి చేరింది. మహబూబాబాద్ అని బోర్డు మీద రాస్తారు గానీ మాకు ఇప్పటికీ మానుకోటే. అక్కడ బీరువా మీద, కిటికీ పక్కన పదిహేనేళ్ళకు పైగా ఉంది. సెలవులకి పోయినప్పుడల్లా కింద నుంచి చూసేదాన్ని. ముట్టుకుంటే అమ్మమ్మ ఊరుకునేది కాదు. పోయిన ఏడాది ఆ ఇంటికి రిపేర్లు మొదలై సామాన్లన్నీ పంచుతుంటే, అది నా చేతికొచ్చింది.

అప్పుడు నేను చేసిన మొదటి పని, నెట్లో దాని ధర వెతకడం. దాచిపెట్టడం ఎందుకు? నాకు లాప్‌టాప్ కావాలి.

వెతుకుతుంటే కథ దొరికింది. అందులో మనలాంటివాళ్ళకి నచ్చే విషయం ఒకటుంది. కెనర్ యజమాని ఎవరో తెలుసా? జనరల్ మిల్స్. పొద్దున పాలల్లో వేసుకునే సీరియల్, పిండి అమ్మే కంపెనీ. 1967లో కెనర్‌ని కొన్నది. అందుకే బొమ్మ అడుగున చిన్న అక్షరాల్లో జీ.ఎం.ఎఫ్.జీ.ఐ. అని ఉంటుంది, జనరల్ మిల్స్ ఫన్ గ్రూప్ అన్నమాట. 1985లో జనరల్ మిల్స్ బొమ్మల వ్యాపారాన్ని వేరు చేసేసింది. కాబట్టి ఆ అయిదు అక్షరాలు, పక్కన 1979 కనబడితే, ఇది తర్వాత రోజుల్లో మళ్ళీ పోసిన బొమ్మ కాదని ఒక ధైర్యం.

సినిమా ఇంత ఆడుతుందని ఎవరూ అనుకోలేదు. కెనర్‌లో జిమ్ స్వేరింజెన్ అనే డిజైనర్ స్క్రిప్టు చదివి, ఇది తీసుకోవాల్సిందే అని పట్టుబట్టాడు. తీసుకున్నారు గానీ సినిమా వచ్చాక క్రిస్మస్‌కి ఏడు నెలలే ఉంది. స్టీల్ మోల్డులు చెక్కి, సరిచూసి, బొమ్మలు పోసి, రంగులు వేసి, దుకాణాలకి పంపడానికి ఆ టైం చాలదు. ఏం చేశారంటే, 1977 క్రిస్మస్‌కి అట్టపెట్టె అమ్మారు. లోపల బొమ్మ లేదు. ఒక కాగితం ఉంటుంది, అది పోస్టులో పంపితే 1978లో నాలుగు బొమ్మలు ఇంటికొస్తాయి. ల్యూక్, లేయా, ఆర్2-డీ2, చ్యూబకా. ఖాళీ డబ్బాని డబ్బులు పెట్టి కొని పిల్లలకి ఇచ్చారు జనం! దీన్ని మార్కెటింగ్ వాళ్ళు తమ తెలివి అని చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇది టూలింగ్ లీడ్ టైం కథ. మోల్డు తయారవ్వాలంటే నెలలు పడుతుంది, దాన్ని తొందరపెట్టడం ఎవరి వల్లా కాదు.

ఇంకో నిర్ణయం దీనికంటే గొప్పది. అప్పటిదాకా మగపిల్లల యాక్షన్ బొమ్మ అంటే జీ.ఐ. జో, పన్నెండు అంగుళాలు. స్టార్ వార్స్ మనుషులని కెనర్ మూడూ ముప్పావు అంగుళాలకి, అంటే తొమ్మిదిన్నర సెంటీమీటర్లకి కుదించింది. ఎందుకు? ఒక లెక్క వేయండి. హాన్ సోలో ఎత్తు సుమారు 1.8 మీటర్లు. పన్నెండు అంగుళాల బొమ్మ చేస్తే స్కేలు ఆరులో ఒకటి. కథలో ఫాల్కన్ పొడవు సుమారు 35 మీటర్లు. ఆరులో ఒకటి అంటే దాదాపు ఆరు మీటర్ల నౌక. మా ఇంటి ముందుగది పట్టదు. తొమ్మిదిన్నర సెంటీమీటర్ల మనిషికి స్కేలు పంతొమ్మిదిలో ఒకటి. నౌక 1.8 మీటర్లు అవుతుంది. అదీ మంచమంత. అసలు బొమ్మ అటూ ఇటూ అర మీటరు. అంటే మనిషికి ఒక స్కేలు, నౌకకి అంతకంటే మూడున్నర రెట్లు చిన్న స్కేలు. కాక్‌పిట్‌లో ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది. అయినా ఆడుకునే పిల్లకి తేడా తెలియదు. మా జనగామ పక్కనే ఉన్న చేర్యాల నకాషీ పటాల్లో కథలో ముఖ్యమైనవాడిని పెద్దగా, మిగతావాళ్ళని చిన్నగా వేస్తారు. ఎవరూ స్కేలు పట్టి కొలవరు. ఇదీ అంతే. చేతికి ఏది పట్టాలో అది పట్టింది, కథకి ఏది కావాలో అది నిలిచింది.

ఇక బొమ్మని చదవడం. నిజంగా చదవొచ్చు. మీ దగ్గర ఏ ప్లాస్టిక్ వస్తువున్నా, మిక్సీ మూతో, స్విచ్చు బోర్డో, చేతిలోకి తీసుకుని ఇది చదవండి.

అంచు వెంట వేలు పోనిస్తే వెంట్రుకంత సన్నని గీత తగులుతుంది. అది పార్టింగ్ లైన్, మోల్డు రెండు సగాలు కలిసిన చోటు. లోపలి వైపు తిప్పితే గుండ్రటి మచ్చలు వరసగా కనిపిస్తాయి. గట్టిపడ్డ ముక్కని మోల్డులోంచి నెట్టిన ఎజెక్టర్ పిన్నుల గుర్తులు. అవి ఎప్పుడూ లోపలే ఎందుకు? బయట కనబడకూడదని మోల్డు చెక్కినవాడు ముందే ఆలోచించాడు కాబట్టి. ఎక్కడో ఒకచోట చిన్న బొడిపె కోసేసినట్టు ఉంటుంది, అది గేటు, కరిగిన ప్లాస్టిక్ లోపలికి వచ్చిన దారి. గోడలు కిందికి వచ్చేకొద్దీ ఒకటి రెండు డిగ్రీలు వాలి ఉంటాయి. ఇడ్లీ రేకు గుంటకి ఆ వాలు లేకపోతే ఇడ్లీ వస్తుందా? రాదు. ఇదీ అంతే.

ఈ వాలు ఒక్కటి అర్థమైతే ఫాల్కన్ ఎందుకు అట్లా ఉందో అర్థమవుతుంది. సినిమా కోసం చేసిన మోడల్ మీద వందల ముక్కలున్నాయి. ట్యాంకులు, ఓడలు, విమానాల మోడల్ కిట్లు కొని, వాటి ముక్కలు విరిచి అంటించారు. అడ్డంగా, నిలువుగా, ఒకదాని కింద ఒకటి. మోల్డులో అట్లా కుదరదు. మోల్డు ఒకే దిక్కుకి తెరుచుకుంటుంది. ఆ దిక్కుకి అడ్డుపడే ప్రతి కొక్కెం ముక్కని లోపలే పట్టేస్తుంది. అందుకే బొమ్మ మీద పైపులు, పెట్టెలు అన్నీ పైకి చూస్తూ లోతు తక్కువగా ఉన్నాయి. మిగతాది స్టిక్కర్లు చూసుకున్నాయి. ఎక్కడ మోల్డు చెక్కినవాడి చెయ్యి ఆగిందో అక్కడ స్టిక్కరు మొదలవుతుంది.

ష్రింకేజీ లెక్క కూడా ఇక్కడే అర్థమైంది నాకు. ఏబీఎస్ చల్లారేటప్పుడు సుమారు అర శాతం కుంచించుకుంటుంది. అర మీటరు ముక్కకి అది రెండున్నర మిల్లీమీటర్లు. పై డొప్ప, కింది డొప్ప, వెనక ఊడొచ్చే కప్పు, అన్నీ ఒకదాంట్లో ఒకటి కూర్చోవాలంటే ఆ రెండున్నర మిల్లీమీటర్లు ముందే కలిపి మోల్డు పెద్దగా చెక్కాలి. ఆ కప్పు నలభై ఐదేళ్ళ తర్వాత మానుకోట బీరువా మీంచి దిగినా టిక్కుమని కూర్చుంది. ఆ మోల్డులు ఎంత బాగా చేశారంటే, 1995లో కొత్త స్టార్ వార్స్ బొమ్మలు మొదలుపెట్టినప్పుడు, మార్పులు చేసి అవే మోల్డులతో ఫాల్కన్ మళ్ళీ పోశారు. అప్పటికి కెనర్ చేతులు మారి హాస్‌బ్రో కిందికి వచ్చింది.

కప్పు తీస్తే లోపల ఒక గది. చదరంగం బల్ల, నేలలో దొంగ సరుకు దాచే అర, పైన తిరిగే తుపాకీతో పాటు తిరిగే కుర్చీ. బ్యాటరీ వేస్తే గుర్రుమనే అలారం ఉండేదట, మా బావ రోజుల్లోనే బ్యాటరీ కారి తుప్పు పట్టింది. మామ నిమ్మచెక్కతో రుద్ది శుభ్రం చేశాడట. క్షారానికి ఆమ్లం, సరైన పనే. సాధన చేయడానికి వేలాడే చిన్న బంతి ఉండాలి, అది లేదు. అది న్యూజెర్సీలో పోయిందో భూపాలపల్లిలో పోయిందో దేవుడికే తెలియాలి.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వద్దాం.

బొమ్మ రెండు రంగుల్లో ఉంది. కిటికీ వైపు సగం పసుపు, పాత పేపరు రంగు. గోడ వైపు సగం దాదాపు అసలు రంగే, తెల్లటి బూడిద. ఒక స్టిక్కరు ఊడితే దాని కింద ప్లాస్టిక్ ఇంకా తెల్లగా ఉంది. పదిహేనేళ్ళ ప్రయోగం అది, కంట్రోల్ శాంపిల్‌తో సహా. కారణం ఇది. ఏబీఎస్‌లో మూడు భాగాలు. యాక్రిలోనైట్రైల్ రసాయనాలని తట్టుకుంటుంది, స్టైరీన్ మెరుపు, బిగువు ఇస్తుంది, బ్యూటాడయీన్ రబ్బరు లాంటిది, కిందపడితే పగలకుండా కాపాడుతుంది. ఆ రబ్బరు గొలుసులో జంట బంధాలు ఉంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలో ఆక్సిజన్ కలిసి ముందు వాటి మీదే పడతాయి. ఆక్సీకరణ జరిగి రంగుని పీల్చే గుంపులు పుడతాయి. అదే మనకి పసుపుగా కనబడేది. అదే సమయంలో పైపొరలో రబ్బరు రబ్బరులా ఉండటం మానేస్తుంది, పెళుసుబారుతుంది. ఎండ లేకపోయినా వేడికి నెమ్మదిగా ఇది జరుగుతుంది గానీ, కిటికీ దాన్ని పరుగెత్తించింది.

దీనికి నెట్లో ఒక చిట్కా ఉంది. 2008 ప్రాంతంలో పాత కంప్యూటర్లు పోగేసేవాళ్ళు మొదలుపెట్టారు, రెట్రోబ్రైట్ అంటారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే పసుపు పోతుంది. ఈలోగా నేను ఫోటోలు పంపిన ఒక కలెక్టర్ జవాబిచ్చాడు. పసుపు ఉంది, ర్యాంపు పట్టీలు ఒరిజినల్ కావు, ఎవరో ఇంట్లో చేసినవి, ఇట్లా అయితే ధర బాగా తగ్గుతుంది అని. నేను రెండు పనులూ ఒకే ఆదివారం పెట్టుకున్నాను.

బ్యూటీ పార్లర్ వాళ్ళకి సామాను అమ్మే షాపులో పన్నెండు శాతం డెవలపర్ క్రీమ్ తెచ్చాను. చేతులకి గ్లౌజులు, కళ్ళకి ల్యాబ్ గాగుల్స్, ఆ మాత్రం బుద్ధి ఉంది. పై డొప్పకి పూసి, ఆరకుండా పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి డాబా మీద పెట్టాను. జనగామ మే ఎండ సంగతి మీకు చెప్పాలా? మూడు గంటల్లో దిగి చూస్తే పులి చారలు. కవరు ముడతలు పడ్డ చోట క్రీము పేరుకుని పాలలా తెల్లబడింది, గాలి బుడగ ఉన్న చోట ఆరిపోయి పసుపు అట్లానే ఉంది. సరిచేద్దామని మళ్ళీ పూశాను. చారలు ఎక్కడివక్కడే ఉండి, తెల్లటి చోట్ల మెరుపు పోయి సున్నం కొట్టినట్టయింది. తర్వాత చదివి తెలుసుకున్నది, చదివాక చేయాల్సింది. పెరాక్సైడు రంగు గుంపులని మాత్రమే విరుస్తుంది. తెగిన రబ్బరు గొలుసులని అతకదు. పైకి తెల్లబడుతుంది గానీ లోపల వయసు అంతే ఉంటుంది. పైగా కొన్ని నెలలకో ఏళ్ళకో పసుపు మళ్ళీ రావచ్చు. జుట్టుకి రంగేసుకున్నంత మాత్రాన మోకాళ్ళ నొప్పి పోతుందా?

రెండో పని ఇంకా సుళువుగా చేశాను. కటింగ్ ప్లేయరుతో సైకిల్ పుల్ల తుంచి, మామ చేసిన ఇత్తడి పట్టీలు లాగేశాను. నెట్లో దొరికిన ఫైలుతో కాలేజీ ల్యాబులో రెండు పట్టీలు త్రీడీ ప్రింట్ చేయించి ముందే తెచ్చుకున్నాను. పీఎల్ఏతో. చక్కగా కూర్చున్నాయి. ఫోటో తీశాను. ఆ సాయంత్రం బొమ్మ డాబా మెట్ల మీది రేకుల షెడ్డులో ఉండిపోయింది. మర్నాడు మధ్యాహ్నానికి పట్టీలు రెండూ వంగిపోయి ర్యాంపు నాలుక చాపినట్టు వేలాడుతోంది. పీఎల్ఏ మెత్తబడే ఉష్ణోగ్రత అరవై డిగ్రీల దగ్గర. ఏబీఎస్‌కి నూట అయిదు. మే నెలలో మూసిన రేకుల షెడ్డు కింద అరవై పెద్ద కష్టం కాదు. మెటీరియల్ సెలెక్షన్‌లో నాకు ఏ గ్రేడ్ వచ్చిందో అడక్కండి.

ఆ వారమే చిన్నమామ వచ్చాడు. రిటైరై నాలుగేళ్ళయింది. బొమ్మని చూశాడు. చారల గురించి ఏమీ అనలేదు. తిప్పి కిందికి చూశాడు.

"పట్టీలేవి బిడ్డా?"

"తీసేసిన మామా. ఒరిజినల్ కావంట గదా."

మామ కాసేపు ఆ వంగిన తెల్ల పట్టీలని వేలితో అటూ ఇటూ అన్నాడు. "అవి ఒరిజినలే గదనే," అన్నాడు మెల్లగా. "నేను చేసిన ఒరిజినల్."

ఆ మాట మీద నేను ఏమీ అనలేకపోయాను. చెత్త సంచి అప్పటికి రెండుసార్లు పోయింది. ఒక పట్టీ డాబా మీద పూలకుండీ వెనక దొరికింది. రెండోది ఎంత వెతికినా దొరకలేదు. అప్పుడు మొదటిసారి ఆ పట్టీని సరిగ్గా చూశాను. మూడు సెంటీమీటర్లు ఉండదు. అంచులు నాలుగు వైపులా నున్నగా రాకి ఉన్నాయి, పిల్లగాడి వేలు కోసుకోకుండా. ప్లాస్టిక్ బొక్కలో రాపిడి పడే చోట రేకుని మడిచి బిళ్ళలా చేశాడు, ఇత్తడి ప్లాస్టిక్‌ని తినేయకుండా. ఇది ఏ పుస్తకంలో చదివాడు? గనిలో పంపుల బుష్షులు మార్చి మార్చి చేతికి తెలిసింది. నేను సంవత్సరం పాటు మెషిన్ డిజైన్ చదివి పీఎల్ఏ ఎంచుకున్నాను.

వెయ్యి స్తంభాల గుడి కల్యాణ మండపం విడదీసినప్పుడు రాళ్ళకి నంబర్లు వేసి పెట్టుకుని, ఏళ్ళ తరబడి పనిచేసి 2024లో మళ్ళీ తెరిచారని మన ఊళ్ళలో అందరికీ తెలుసు. పాతదాన్ని ముట్టుకునేవాళ్ళకి అదే మొదటి నియమం. తీసేముందు రాసుకో, ఫోటో తీసుకో, తీసింది పారెయ్యకు. వీలైతే మళ్ళీ వెనక్కి తీసుకోగలిగే పనే చెయ్యి. నా పట్టీలు వెనక్కి తీయొచ్చు. పెరాక్సైడు తీయలేను. ఈ తేడా నాకు ముందు తెలిస్తే కనీసం కనబడని మూల మీద ఒక్క అంగుళం పరీక్ష చేసి ఆగేదాన్ని.

మర్నాడు మామా నేనూ బండి మీద పెంబర్తి పోయాం. జనగామ నుంచి హైదరాబాద్ రోడ్డు మీద దగ్గరే. బస్సులో పోతూ బోర్డులు చూసినవాళ్ళే మనలో ఎక్కువ. ఇత్తడి రేకుని రాల, మైనం లాంటి మెత్తటి పరుపు మీద అతికించి, సుత్తి, ఉలులతో కొట్టి బొమ్మ తేలుస్తారు. కాకతీయుల కాలం నుంచీ గుళ్ళకి తొడుగులు, రథాల పనులు చేసిన ఊరని పేరు. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మోల్డింగ్‌లో మోల్డు ఒక్కసారి ఆలోచిస్తుంది, తర్వాత లక్ష ముక్కలు వాటంతటవే వస్తాయి. ఇక్కడ ప్రతి దెబ్బకీ ఆలోచించాలి. రెండింట్లో ఏది గొప్ప అని నన్ను అడిగితే చెప్పలేను. ఫాల్కన్ ఇత్తడిలో చేస్తే నాలాంటి వాళ్ళ ఇంటికి ఎన్నడూ రాదు, విరిగిన పట్టీ కోసం మాత్రం స్టీల్ మోల్డు ఎవరూ చెక్కరు.

అడిగితే ఒక పెద్దాయన తుక్కులోంచి రేకు ముక్క తీసి ఇచ్చి, దేనికని అడిగి, ఫోటో చూసి నవ్వి, డబ్బులు వద్దన్నాడు.

ఇంటికొచ్చాక మామ చెయ్యలేదు. చేతులు కొంచెం వణుకుతున్నాయి ఇప్పుడు. "నువ్వు చెయ్, నేను చెప్త," అన్నాడు. కోయడం బాగానే కోశాను. వంచేటప్పుడు మూల దగ్గర పగిలింది. రెండో ముక్కా పగిలింది. కొట్టి సాపు చేసిన రేకు అప్పటికే గట్టిపడి ఉంటుంది. లోహంలో స్ఫటికాల లోపలి డిస్లొకేషన్లు ఒకదానికొకటి చిక్కుపడి కదలవు, ఇంకా వంచితే పగులుతుంది. వర్క్ హార్డెనింగ్. రెండో సెమిస్టర్‌లో ఉంది, గ్రాఫుతో సహా. మామకి గ్రాఫు తెలియదు. గ్యాస్ పొయ్యి వెలిగించి, పట్టకారుతో రేకు పట్టుకుని, చీకట్లో అయితే కొద్దిగా ఎర్రగా కనబడేదాకా కాల్చమన్నాడు. వంటింట్లో లైటు ఆర్పి చూశాం. నీళ్ళల్లో ముంచమన్నాడు. ఇనుమైతే ఇట్లా ముంచితే గట్టిపడుతుంది కదా అన్నాను. "ఇత్తడికి ఆ గుణం లేదు, మెత్తగనే ఉంటది" అన్నాడు. నిజమే. ఉక్కులో లాగా మార్టెన్‌సైట్ పుట్టడానికి ఇక్కడ కార్బన్ ఎక్కడిది? మూడో ముక్క తడి అట్టలా వంగింది. వంచాక చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేస్తే మళ్ళీ బిగువు వచ్చింది. వైవాలో అడిగితే చెప్పలేని అనీలింగ్ మా వంటింట్లో అయిదు నిమిషాల్లో అయిపోయింది. అమ్మ మాత్రం గ్యాస్ బిల్లు నీ లాప్‌టాప్‌లోంచి కట్టు అంది.

ఇప్పుడు ర్యాంపుకి ఎడమ వైపు మామ పట్టీ, రంగు తగ్గి గోధుమ రంగులో ఉంది. కుడి వైపు నాది, పచ్చగా మెరుస్తూ, కొద్దిగా వంకర. కలెక్టర్‌కి అమ్మట్లేదని చెప్పేశాను. అంత చారల బొమ్మకి అతను పెద్దగా బాధపడ్డట్టు లేదు. లాప్‌టాప్ ఇంకా రాలేదు, ఈ వ్యాసం హాస్టల్ ఫ్రెండ్ లాప్‌టాప్‌లో టైప్ చేస్తున్నాను.

బ్యాటరీ అర ఎట్లాగూ ఖాళీ కాబట్టి అందులో ఒక కాగితం మడిచి పెట్టాను. 2002, ర్యాంపు పట్టీలు రెండు, పెంబర్తి ఇత్తడి, చేసింది మామ, భూపాలపల్లి. 2025 మే, పై డొప్పకి పన్నెండు శాతం పెరాక్సైడు, చారలు, చేసింది నేను, జనగామ. అదే నెల, కుడి పట్టీ కొత్తది, పాతది పోయింది. అట్లా తేదీలతో. తర్వాత ఎవరి చేతికి వచ్చినా ఏది ఎవరు చేశారో తెలియాలి కదా.

బొమ్మ మళ్ళీ భూపాలపల్లి పోయింది. ఎండ పడని గోడ పక్కన పెట్టమని నేనే చెప్పి పంపాను. బావ కూతురికి మూడేళ్ళు. మొన్న వీడియో కాల్‌లో చూస్తే గోడ పక్కనా లేదు, ఏమీ లేదు. నట్టింట్లో నేల మీద ఉంది. ర్యాంపు దించి, దాని మీంచి పల్లీలు ఒక్కొక్కటే లోపలికి తోస్తోంది.